ఆట పెద్దలకు, నీతి పిల్లలకా?

అష్టావధానం జరుగుతూ ఉంటుంది. ఒక పృచ్ఛకుడు ఒకదానికొకటి పొసగని నాలుగు మాటలు దత్తపదిగా ఇచ్చి పద్యం కట్టమంటాడు. ఇంకొకాయన లోకంలో ఎక్కడా జరగని సంగతిని పద్యపాదంగా మలిచి, దీనికి అర్థం కుదర్చమంటాడు. మూడో ఆయన నిషిద్ధాక్షరి పేరిట అవధాని నోటి దాకా వచ్చిన అక్షరాన్ని పసిగట్టి, అది వాడకూడదని అడ్డుపడతాడు. మధ్యలో గంట మోగుతుంది, ఎన్ని మోగాయో లెక్క గుర్తుంచుకోవాలి. అప్రస్తుత ప్రసంగి సందు దొరికితే చాలు, ఏదో ఒక కొంటె ప్రశ్న విసురుతాడు. ఇది భాషతో ఆడే ఆట. గెలిచినవారికి శాలువా కప్పుతాం, బిరుదులిస్తాం, తెలుగువారి సొత్తని గర్వంగా చెప్పుకుంటాం. అదే సాహితీసంస్థ మరో సాయంత్రం పిల్లల గేయాల పుస్తకం ఆవిష్కరిస్తే, అందులో ఎక్కువ భాగం పొద్దున్నే లేవమనీ, పళ్ళు తోముకోమనీ, పెద్దల మాట వినమనీ, చెట్లు నాటమనీ ఉంటుంది. ఆటంతా పెద్దలు అట్టిపెట్టుకుని, నీతిని పిల్లల పళ్ళెంలో వడ్డించారు. ఈ వడ్డన తలకిందులైందనీ, పిల్లలకు రాసే పద్యంలో మొదట ఉండాల్సింది ఆటేననీ, అది తేలిక పని కాదు గనకనే మనవాళ్ళు తప్పించుకు తిరుగుతున్నారనీ చెప్పడమే ఈ కథనం ఉద్దేశం. దానికి ఊరు కూడా ఒకటి కావాలి. ఎక్కడా కాలు మోపని వాదన ఎటైనా జారిపోతుంది. కాబట్టి బనగానపల్లెను తీసుకుందాం.

ముందు పెద్దల ఆట సంగతి తేల్చాలి. తెనాలి రామకృష్ణుడి పేరిట చెప్పుకునే మేక-తోక పద్యం అర్థం కోసం ఎవరూ చదవరు. ఒకే మాట పదేపదే దొర్లుతూ పోతుంటే నవ్వొస్తుంది, ఆ నవ్వే దాని ప్రయోజనం. మహాప్రస్థానం రాసిన శ్రీశ్రీ ‘సిప్రాలి’ కూడా రాశాడు. సిరిసిరిమువ్వ, ప్రాసక్రీడలు, లిమరిక్కులు అనే మూడు పేర్ల మొదటి అక్షరాలు కలిపి ఆ పేరు పెట్టాడు. అందులో ప్రాస ముందు నడుస్తుంది, అర్థం వెనక పరిగెత్తుతుంది. ఆరుద్ర ‘కూనలమ్మ పదాలు’ నాలుగు పొట్టి పాదాల్లో మూడు ప్రాసలు తగిలించి, చివర పిలుపుతో ముగిస్తాయి. నడక చూస్తే అచ్చం పిల్లల పాట, విషయం చూస్తే రాజకీయాలూ సాహిత్య వివాదాలూ. అంటే తెలుగు కవికి ఆడటం రాక కాదు. మహా బాగా వచ్చు. పిల్లలు ఎదురుగా కనబడేసరికి మాత్రం ఆట కట్టిపెట్టి గొంతు సవరించుకుంటాడు.

గొంతు సవరించుకున్నాక వచ్చే పాట ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. చెట్టు మీద గేయం అనుకోండి. మొదటి పాదంలో చెట్టు నీడనిస్తుంది, రెండో పాదంలో పండ్లిస్తుంది, మూడో పాదంలో గాలినిస్తుంది, నాలుగో పాదానికల్లా దాన్ని నరకవద్దని హెచ్చరిక. ఆవు మీద, గురువు మీద, దేశం మీద, నీళ్ళ మీద కూడా ఇదే అచ్చు. ఇలాంటి గేయాలను పట్టుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. పాటలోని క్రియలు వరుసగా చూడండి. చెయ్యి, చెయ్యకు, ఉండు, మానుకో అనేవే ఎక్కువగా ఉంటే అది పాఠశాల గోడ మీద రాయాల్సిన సూచనల పట్టిక, పొరబాటున ప్రాసలు పడ్డాయంతే. పిల్లలు తమకు తాము పాడుకునే పాటల్లో ఆజ్ఞలు తక్కువ, ప్రశ్నలు ఎక్కువ. ఆజ్ఞ ఉన్నా అది కాకికో, వానకో, చందమామకో ఇస్తారు. చెప్పినట్టు వినాల్సిన బాధ్యత ఆ పాటలో చందమామది. ఆజ్ఞాపించే అధికారం కాసేపు పిల్లవాడి చేతికొస్తుంది. ఇంట్లో బడిలో రోజంతా ఎవరో ఒకరు చెప్పింది చేసే ప్రాణికి ఆ కాసేపు ఎంత హాయో ఊహించలేకపోతే పిల్లల కోసం పద్యం రాయడం కష్టం.

బనగానపల్లె 1948 దాకా నవాబుల చిన్న సంస్థానం, ఆ తర్వాత కర్నూలు జిల్లాలో కలిసింది, 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉంది. పటంలో చిన్నదే గానీ అక్కడి పిల్లవాడి చుట్టూ ఉన్న సరుకు మామూలుది కాదు. ఊరి పేరే ఒక మామిడిపండుకు పెట్టారు. బేనిషాన్ అని ఇంకో పేరుతో పిలిచే ఆ పండుకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పది పన్నెండు కిలోమీటర్లు పోతే యాగంటి. అక్కడ అగస్త్యుడి శాపం వల్ల కాకులు వాలవని స్థలపురాణం, రాతి బసవన్న ఏటేటా పెరుగుతున్నాడని జనం నమ్మకం, కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడని చెప్పుకోవడం. ఇటు రవ్వలకొండ, గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాస్తూ వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానం రాశాడని చెప్పే గుహలు. కొలిమిగుండ్ల దగ్గర మూడు కిలోమీటర్లకు పైగా నేల కింద సాగే బెలుం గుహలు. ఊళ్ళచుట్టూ నాపరాళ్ళ గనులు, పాలిష్ బండల దుమ్ము, సిమెంటు లారీలు. భూగర్భ శాస్త్రవేత్తలు వజ్రాలు దొరికే ఒక రాతిపొరకే బనగానపల్లె పేరు పెట్టారు. తొలకరి పడితే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం తలలు వంచుకుని వజ్రాలు వెతికే ఉమ్మడి కర్నూలు జిల్లా అది. పెరిగే రాయి, కాకి రాని కొండ, వానకు మొలిచే వజ్రం! ఇంతటి వింతల మధ్య పుట్టిన పిల్లవాడికి బడిలో మొదట నేర్పేది, వానను పొమ్మని చెప్పే ఇంగ్లీషు పాట.

ఆ పాట పుట్టిన చోట వాన తరచూ కురుస్తుంది, పిల్లలకు ఆడుకోవడానికి ఎండ కావాలి. అక్కడ అది న్యాయమైన పాట. ఉమ్మడి కర్నూలు జిల్లా ఏడాది సగటు వర్షపాతం 700 మిల్లీమీటర్లకు లోపే. వాన మొహం చాటేస్తే రోకలికి కప్పను కట్టి, వేపాకులు చుట్టి, పిల్లలు ఇంటింటికీ తిరిగి నీళ్ళు పోయించుకునే ఆచారం ఉన్న సీమ ఇది. కప్పతల్లి పాట పాడుతూ తడిసే ఆ పిల్లలు వానను పిలవాలని ఊరంతా కోరుకుంటుంది, గింజలు పెడుతుంది. ఊరికి పనికొచ్చే కార్యం పిల్లల చేత, పాట రూపంలో, నీళ్ళు చిమ్ముకునే అల్లరితో చేయించడం ఎంత తెలివైన పనో చూడండి. కప్ప పాపం ఏమనుకుంటుందో వేరే సంగతి. అదే ఊళ్ళో యూనిఫాం వేసుకున్న పిల్లలు చేతులూపుతూ వానను పొమ్మంటుంటే, ఇంగ్లీషు నేర్చుకుంటున్నారని మనం మురిసిపోతున్నాం. ఇంగ్లీషు నేర్చుకోవడంలో తప్పులేదు. తమ ఊరి వానను తమ భాషలో పిలిచే కొత్త పాట వాళ్ళ చేతికి అందకపోవడంలోనే ఉంది లోపం.

రాయలసీమకు పిల్లల పాట కట్టే విద్య పరాయిది కాదు. కడప సీమ తాళ్ళపాకలో పుట్టిన అన్నమయ్య జోలపాటను, చందమామ పాటను, ఉగ్గుపాటను సంకీర్తనకు అచ్చులుగా తీసుకున్నాడు. వేంకటేశ్వరుడి అంతటివాడిని ఉయ్యాలలో వేసి ఊపడానికి 15వ శతాబ్దపు కవికి పిల్లల పాట తక్కువగా తోచలేదు. ప్రొద్దుటూరులో పుట్టపర్తి నారాయణాచార్యులు కట్టిన ‘శివతాండవం’ వినేవారిలో సగం మందికి అందులోని సంస్కృత సమాసాలు విడివిడిగా తెలియవు. అయినా కాళ్ళు కదులుతాయి. అర్థానికంటే ముందే మాత్రల నడక చెవికెక్కుతుందనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు. కథలకొస్తే సీమ చెయ్యి ఇంకా పెద్దది. 1947 జులైలో ‘చందమామ’ మొదలుపెట్టిన బి. నాగిరెడ్డి కడప జిల్లా పొట్టిపాడు మనిషి. కేంద్ర సాహిత్య అకాడమీ 2010లో బాలసాహిత్య పురస్కారాలు ప్రారంభిస్తే తెలుగులో మొదటిది చిత్తూరు జిల్లాకు చెందిన కలువకొలను సదానంద నవల ‘అడవితల్లి’కి దక్కింది. 2023లో ప్రొద్దుటూరుకు చెందిన డి.కె. చదువులబాబు ‘వజ్రాల వాన’ కథలకు వచ్చింది. కర్నూలులో ఎం. హరికిషన్ సీమ జానపద కథలను పిల్లల కోసం తిరగరాస్తూ వచ్చారు. గమనించారా, ఇవన్నీ కథలూ నవలలే. కథలో సీమ పిల్లవాడికి సొంత ఊరు దొరికింది. పద్యంలో ఇంకా దొరకాలి.

ఆటపద్యానికి కావలసిన మూలసూత్రాన్ని బాగా వివరించినవాడు రష్యన్ కవి కోర్నెయ్ చుకోవ్‌స్కీ. రెండు నుంచి అయిదేళ్ళ పిల్లల మాటలు ఏళ్ళ తరబడి నమోదు చేసి, ఆ వయసునే పేరుగా పెట్టి పుస్తకం రాశాడు. పిల్లలు తలకిందుల మాటలను ఎందుకంత ఇష్టపడతారన్నది అందులో అతడు వేసుకున్న ప్రశ్న. కుక్క మ్యావ్ అంటుందని చెబితే పకపకా నవ్వాలంటే, కుక్క ఎలా అరుస్తుందో ముందు గట్టిగా తెలిసి ఉండాలి. తెలియని బిడ్డకు అది మామూలు సమాచారం, తెలిసిన బిడ్డకు హాస్యం. అంటే తప్పుమాటకు నవ్వడం ఒప్పుమాట వచ్చిందనడానికి గుర్తు. అర్థం లేని పద్యం పిల్లల బుర్ర పాడుచేస్తుందన్న భయానికి ఇది సూటి జవాబు. చుకోవ్‌స్కీకి కూడా ఆ నింద తప్పలేదు. 1928లో ‘ప్రావ్దా’ పత్రికలో లెనిన్ భార్య క్రుప్‌స్కయా అతడి ‘మొసలి’ పద్యాన్ని దుయ్యబట్టింది. పిల్లలకు మొసలి గురించి తెలియజెప్పకుండా ఈ పిచ్చి గోల ఏమిటని ఆమె అభ్యంతరం. ఆ తర్వాత రష్యాలో తరతరాల పిల్లలు చుకోవ్‌స్కీని కంఠస్థం చేస్తూ పెరిగారు. వంగదేశంలో సుకుమార్ రాయ్ ‘ఆబోల్ తాబోల్’ 1923 సెప్టెంబరులో, ఆయన కన్నుమూసిన కొద్ది రోజులకే అచ్చయి వచ్చింది. సగం బాతు సగం ముళ్ళపందిలాంటి జంతువులతో నిండిన ఆ పుస్తకాన్ని బెంగాలీలు తమ మహాకావ్యాల పక్కనే ఉంచుకుంటారు. బాలసాహిత్యమనే వేరే గూట్లో పెట్టి మరిచిపోలేదు.

జరగరానివి జరుగుతాయని వరసబెట్టి చెప్పడం కాలజ్ఞానం పద్ధతి కూడా. పెద్దలు దాన్ని భయంతో వింటారు, పిల్లలు అదే సంగతిని సంబరంగా వింటారు. రాయి లేచి అరుస్తుందంటే పెద్దవాడికి యుగాంతం గుర్తొస్తుంది, ఆరేళ్ళవాడికి మాత్రం ఆ రాయి తర్వాత ఏం తింటుందన్న అనుమానం వస్తుంది. ఆటపద్యం రాసేవాడు ఆ రెండో అనుమానం వెంట నడవాలి. మాటల్లో చెప్పడం కంటే నాలుగు పాదాలు కట్టి చూస్తే తేలిపోతుంది:

కాకమ్మా నువు యాగంటికి రా
రానే రానని రాయికి చెప్పా
రాయేమన్నది? రంకెలు వేసె
బేనీషాన్లొక బుట్టెడు మేసె

ఇది గొప్ప కవిత్వం కాదు, పనితనం చూడటానికి పెట్టిన నమూనా. నాలుగు మాత్రల గణాలు, పాదానికి నాలుగు. చతురశ్రగతి అంటారు. చెమ్మచెక్క ఆడేటప్పుడు పిల్లల చేతులు తమంతట తాము పట్టుకునే నడక అదే. రెండో పాదం నుంచి ప్రతి పాదంలో మొదటి సగమూ రెండో సగమూ ఒకే హల్లుతో మొదలవుతాయి, కాబట్టి మొదటి సగం చదివితే రెండో సగం నాలుక మీదికి దానంతటదే వస్తుంది. మన పూర్వులు యతి అన్నది జ్ఞాపకానికి వేసిన ముడి, ఛందస్సు పరీక్షలో మార్కుల కోసం పుట్టింది కాదు. చివరి రెండు పాదాల దగ్గర అసలు చిక్కు వస్తుంది. పిల్లలు మాట్లాడేటప్పుడు ‘వేసింది, మేసింది’ అంటారు. అలా రాస్తే పాదం గణాలు దాటి కుంటుతుంది. ‘వేసెను, మేసెను’ అంటే లెక్క సరిపోతుంది గానీ పుస్తకం వాసన కొడుతుంది. పిల్లల గేయాల్లో సగం ఈ ‘ఎను’ దగ్గరే ప్రాణం పోగొట్టుకుంటాయి. అయితే సీమ మాటలో ‘వేసె, మేసె, పాయె’ అనే పొట్టి రూపాలు ఇప్పటికీ వినిపిస్తాయి. వాటితో పాదం ఒక మాత్ర తగ్గుతుంది, ఆ ఖాళీలో చప్పట్లు పడతాయి. మాండలికం వాడటం ఇక్కడ అభిమానం కోసం చేసిన పని కాదు, తాళం అడిగింది. ఇక అర్థం సంగతి. కాకి రానంటున్నది శాపం వల్ల కాదట, తనకే ఇష్టం లేదట. బసవన్న కోపం ఎందుకో చెప్పలేదు. కోపమొచ్చినవాడు మామిడిపండ్లు ఎందుకు మేశాడో అసలే చెప్పలేదు. అయిదో పాదం పిల్లలు కట్టుకోవడానికి ఆ ఖాళీలు వదలాలి. నీతిగేయంలో ఆ ఖాళీ ఉండదు, అన్నీ చెప్పేసి తలుపు వేసేస్తుంది.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది, దాన్ని పక్కకు నెట్టలేం. వేమన, సుమతి శతకాలు వందల ఏళ్ళుగా పిల్లల నోళ్ళలో నానుతున్నాయి, అవన్నీ నీతి పద్యాలే కదా, పిల్లలు విసుక్కున్నారా అని పెద్దలు అడుగుతారు. బ్రౌన్ 1829లో అచ్చు వేయించక ముందు కూడా వేమనను జనం గుర్తుపెట్టుకున్నారంటే అందులో ఏదో శక్తి ఉండాలి. ఉంది. కానీ ఆ శక్తి నీతిలో ఉందా? ఆటవెలది నడకలో ఉంది. ఇంటి చుట్టూ కనిపించే వస్తువునే తీసుకుని చటుక్కున ఎదురుతిప్పే చమత్కారంలో ఉంది. ప్రతి పద్యం చివరా ఒకే మకుటం రావడంలో ఉంది. తరగతి గదిలో పిల్లలు మొదటి మూడు పాదాలు గొణిగినా నాలుగో పాదాన్ని గొంతెత్తి అరుస్తారు, అది వాళ్ళ వంతు గనక. వేమన నీతిపరుడయ్యే ముందు ఆటగాడు, పెద్దలను నిలదీసే వెటకారి. అతడి నీతి ఎక్కువగా గుడ్డిగా మొక్కేవారికీ, పిసినారులకూ, కపట గురువులకూ తగులుతుంది. పిల్లవాడిని సరిగ్గా కూర్చోమని చెప్పిన పద్యాలు కావవి. వేమనను ఆదర్శంగా పెట్టుకునే బాలకవులు అతడి నుంచి ఉపదేశం ఒక్కటే తీసుకుని, నడకనూ వెటకారాన్నీ వదిలేశారు.

రెండో అభ్యంతరం తల్లిదండ్రులది. ఆడుతూ పాడుతూ కూర్చుంటే చదువెప్పుడు వస్తుందని వాళ్ళ బెంగ. అప్పు చేసి ఫీజు కట్టే గనికూలీ నోట ఆ మాట వస్తే నవ్వి తీసేయడం అన్యాయం. దీనికి జవాబు పరిశోధనల్లో ఉంది. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన బ్రాడ్లీ, బ్రయంట్ సుమారు 400 మంది నాలుగైదేళ్ళ పిల్లలను కొన్నేళ్ళు గమనించి 1983లో ‘నేచర్’ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. చదవడం రాకముందే ప్రాస కుదిరే మాటలను చెవితో పసిగట్టగలిగిన పిల్లలు తర్వాత చదవడంలో ముందున్నారు. అలా గమనించిన పిల్లల్లో కొందరికి శబ్దాలను వర్గాలుగా విడదీయడం నేర్పి, దానికి అక్షరాలు జోడిస్తే ఫలితం ఇంకా మెరుగైంది. మన లిపులకు ఇది మరీ అవసరం. గుణింతాలు, ఒత్తులు కలిస్తే తెలుగు పిల్లవాడు గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి. మన లిపికి అక్కచెల్లెలైన కన్నడ లిపి మీద సోనాలీ నాగ్ చేసిన అధ్యయనంలో పిల్లలకు అక్షరాలన్నీ పట్టుబడటానికి నాలుగో తరగతి దాకా, కొందరికి అది దాటి కూడా సమయం పడుతున్నట్టు తేలింది. అంత పొడుగు దారిలో పిల్లవాడిని నడిపించేది ఏమిటి? క, కా, కి, కీ అని బెత్తం పట్టుకుని వల్లె వేయించినా వస్తుంది, కాదనను. కానీ ఒకే ఒత్తు పది చోట్ల తిరిగే అల్లరి పద్యం ఉంటే పిల్లవాడే పదిసార్లు చదువుతాడు. అమెరికాలో డాక్టర్ స్యూస్ 1957లో టోపీ పెట్టుకున్న పిల్లి కథను 236 వేర్వేరు మాటలతోనే రాశాడు, 1960లో పచ్చ గుడ్ల పద్యాన్ని 50 వేర్వేరు మాటల్లోనే కుదించాడు. మొదటిది చదవడం నేర్చుకునే పిల్లల కోసం పెట్టుకున్న గీత, రెండోది పందెం. మన అవధానులు నిషిద్ధాక్షరిలో చేసేది సరిగ్గా ఇదే. ఒత్తులు లేకుండా ఒక పద్యం, ఒక్క ‘ర’ ఒత్తుతోనే ఇంకో పద్యం, దీర్ఘాలు లేకుండా మరొకటి రాయమని అవధానిని రెండో తరగతి పిల్లల తరఫున ఎవరైనా అడిగారా?

భాష సంగతి మూడోది. ఎనుము, చెనిక్కాయలు, ఎర్రగడ్డలు, గెనిమ, జేజి అని రాస్తే శ్రీకాకుళం పిల్లవాడికి ఎలా తెలుస్తుందంటారు. దానికి ఎదురుప్రశ్న ఒకటుంది. బనగానపల్లె పిల్లవాడు ఇన్నేళ్ళూ గేదె, వేరుశనగ, ఉల్లిపాయ అని చదివినప్పుడు ఎవరైనా ఇలా బాధపడ్డారా? ఇంట్లో జేజి ఒడిలో కూర్చుని బొరుగులు తినే పిల్లవాడు, పుస్తకంలో నాయనమ్మ పెట్టిన మరమరాలు తిన్నాడు. ఏమీ కాలేదు, రెండు మాటలు నేర్చుకున్నాడు. ఆ లాభం ఒకవైపే ఎందుకుండాలి? చిత్తూరు జిల్లా మాటతో నామిని సుబ్రమణ్యం నాయుడు రాసిన ‘పచ్చనాకు సాక్షిగా’, ‘సినబ్బ కథలు’ తెలుగు నేల అంతటా చదివారు, నవ్వారు, కళ్ళు తుడుచుకున్నారు. పద్యంలో ఈ భయం ఇంకా తక్కువ పెట్టుకోవచ్చు. తెలియని మాట పిల్లలకు అడ్డం కాదు. దాని చప్పుడు నచ్చితే అర్థం తర్వాత కనుక్కుంటారు, కనుక్కోకుండా కూడా పాడుకుంటారు. ఈ భాషా ప్రయాణానికి మంచి తొలి అడుగులే పడ్డాయి. గురజాడ 1910లో ముత్యాలసరం నడకతో వాడుక మాటకు పద్యంలో చోటిచ్చాడు. వ్యావహారిక భాషోద్యమం నడిపిన గిడుగు రామమూర్తి కొడుకు సీతాపతి పిల్లల కోసం పాటలు రాశాడు. తండ్రి పెద్దల భాషతో పోరాడితే కొడుకు చిన్నవాళ్ళ నోట అది పలికించాడు. ఆ వరస అక్కడ ఆగకుండా మన కాలానికి, మన ఊళ్ళకు రావాలి. నల్లరేగడి నేల మాటలు అందులో ఇంకా చాలినంతగా పడలేదు.

జానపదుల పాటలు ఉండగా కొత్తవి ఎందుకనేవారూ ఉన్నారు. ఉన్నవాటిని కాపాడాల్సిందే, వెలగా వెంకటప్పయ్యలాంటివారు జీవితాలు ధారపోసి సేకరించి పెట్టారు. అయితే ఆ పాటల్లో కులాల మీద ఎగతాళి ఉంది, ఆడపిల్ల మీద చిన్నచూపు ఉంది, కుంటివాడినీ నల్లవాడినీ ఏడిపించే పల్లవులున్నాయి. అన్నిటినీ అమాయకమైన వారసత్వమని చెప్పి అందించలేం. పైగా ఇప్పటి పిల్లల లోకం మారింది. సిమెంటు లారీ వెనక రాసి ఉన్న మాటలు, పాలిష్ మిల్లు అరుపు, వానాకాలంలో వజ్రం కోసం సెలవు పెట్టి చేలకు పోయిన మామ, చార్జింగ్ అయిపోయిన ఫోను, ఇవేవీ పాత పాటల్లో లేవు. ఎవరో ఒకరు కడితేనే కదా పాత పాట కూడా పుట్టింది. కట్టినవారి పేరు పోయింది, అంతే.

మరి ఇవన్నీ ఎవరు రాయాలి, ఎక్కడ వినిపించాలి? 1945లో మద్రాసులో ‘బాల’ పత్రిక పెట్టిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యగా పిల్లల ముందు నిలబడి, వాళ్ళ గొంతులతోనే పాడించారు. కాగితం మీద బాగున్న గేయం మైకు ముందు పిల్లవాడి నోట తడబడితే వెంటనే తెలిసిపోయేది. ఇప్పటి బాలకవులకు ఆ పరీక్ష లేదు. పత్రికలో అచ్చవుతుంది, సంకలనంలో చేరుతుంది, సన్మానం జరుగుతుంది. వీటిలో ఏ దశలోనూ పిల్లవాడు ఎదురుపడడు. అప్పటి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి నుంచి 2008లో మొదలైన ‘కొత్తపల్లి’ పత్రిక ఈ దూరాన్ని తగ్గించింది. పల్లెబడి పిల్లలే అందులో రాశారు, బొమ్మలు వేశారు. ఆ పిల్లల రాతలు పెద్దల గేయాల పక్కన పెట్టి చదివితే ఎవరి చెవి మేలో అరగంటలో తెలుస్తుంది. పిల్లలు రాసిందంతా గొప్పదని కాదు. వాళ్ళకు విసుగు పుట్టించే విద్య ఇంకా రాలేదు, అదొక్కటే వాళ్ళ బలం.

కాబట్టి నంద్యాల, కర్నూలు, కడప జిల్లాల కవులకూ ఉపాధ్యాయులకూ ఒక విన్నపం. మీ ఊరి అవధానంలో ఈసారి ఒక పృచ్ఛకుడి కుర్చీ నాలుగో తరగతి పిల్లకు ఇవ్వండి. సమస్య ఆమెనే ఇవ్వనివ్వండి, దత్తపదికి మాటలు ఆమెనే ఎంచుకోనివ్వండి. అవధాని తడబడితే నవ్వే హక్కు కూడా ఆమెకే ఉండాలి. పిల్లల కోసం గేయం రాస్తే పత్రికకు పంపే ముందు దగ్గర్లోని ప్రాథమిక పాఠశాలకు పోయి రెండో తరగతి గదిలో ఒకసారి చదవండి. అర్థమైందా అని అడగకండి, అయిందనే చెబుతారు. చదివి ఊరుకోండి. ఇంకోసారి చదవమని ఎవరూ అడగకపోతే దాన్ని ఇంటికి తీసుకుపోయి తిరగరాయండి.